రాకుమారి కథలో మనం కోసేసిన సగం

మా అపార్ట్‌మెంటులో పిల్లల కోసం చిన్న లైబ్రరీ ఒకటి పెడుతున్నారు. కొనాల్సిన పుస్తకాల జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఒక తల్లి ఇలా రాశారు: "రాకుమారి కథలు మాత్రం వద్దండీ. పడుకుని ఎదురుచూస్తే ఎవరో ఒకడు గుర్రమెక్కి వస్తాడని మన ఆడపిల్లలకు మనమే డబ్బు పెట్టి నేర్పించాలా?" చూస్తుండగానే చాలామంది ఆమెతో గొంతు కలిపారు. సిండ్రెల్లా, నిద్రపోయిన సుందరి, రపుంజెల్, బ్యూటీ అండ్ ద బీస్ట్ జాబితాలోంచి ఎగిరిపోయాయి.

ఆవిడ కోపం సబబైనదే. దుకాణాల్లో దొరికే గులాబీ రంగు అట్టల పుస్తకాలు తిరగేస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. ఇరవై పేజీలు, పేజీకి రెండు వాక్యాలు, చివరి పేజీలో పెళ్ళి. అయితే ఆ పుస్తకాల మీది కోపాన్ని కథల మీద చూపిస్తే అన్యాయం చేసినవాళ్ళమవుతాం. పైన చెప్పిన నాలుగు కథలూ మన దాకా వచ్చింది ఫ్రెంచి గుండానే. పదిహేడో శతాబ్దం చివరి నుంచి పద్దెనిమిదో శతాబ్దం నడిమి లోపు వాటిని కాగితం మీద పెట్టినవాళ్ళు రాజవంశాల పెళ్ళిళ్ళను దగ్గరి నుంచి చూసినవాళ్ళు. పెళ్ళయ్యాక ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు, దాన్ని రాశారు కూడా. ఆ సగాన్ని కోసేసింది తర్వాతి తరాలు. ఇదే నా వాదన. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెప్పడం కుదరలేదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మెలకువ వచ్చాక

నేను హైదరాబాదులో కాలేజీ పిల్లలకు ఫ్రెంచి చెబుతాను. మార్కుల కోసం ఫ్రెంచి తీసుకున్నవాళ్ళే ఎక్కువ. కాస్త భాష పట్టుబడ్డాక, ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చు వేయించిన నిద్రపోయిన సుందరి కథను వాళ్ళ చేత ఉన్నదున్నట్టుగా చదివిస్తాను. తెలిసిన కథే కదా అనే ధీమాతో మొదలుపెడతారు. ఆ ధీమా మంచం దగ్గరికి వచ్చేసరికే సడలుతుంది, ఎందుకంటే పెరో కథలో ముద్దు లేదు. రాకుమారుడు వణుకుతూ వచ్చి మంచం పక్కన మోకరిల్లుతాడు. శాపం గడువు అప్పటికి తీరిపోయింది కాబట్టి ఆమె తనంతట తానే కళ్ళు తెరుస్తుంది. తెరిచి, "మీరేనా రాకుమారా? చాలాకాలం ఎదురుచూసేలా చేశారే" అంటుంది. ఆమె ఒంటి మీది బట్టలు నూరేళ్ళ కిందటి తీరువి, మెడ చుట్టూ పట్టీ నిటారుగా లేచి అచ్చం అతని బామ్మ అలంకరణలాగే ఉంది. అతను అది గమనిస్తాడు, పైకి మాత్రం అనడు.

ఆ రాత్రే కోటలోని ప్రార్థనా మందిరంలో పెళ్ళయిపోతుంది. మన పుస్తకాలు ఇక్కడ ముగుస్తాయి, పెరో కథ మాత్రం ఇక్కడికి సగమే అయింది. తెల్లారి రాకుమారుడు ఇంటికి వెళ్ళి, వేటలో దారి తప్పి బొగ్గులు కాల్చేవాడి గుడిసెలో తలదాచుకున్నానని, వాడు నల్ల రొట్టె, జున్ను పెట్టాడని తండ్రికి చెబుతాడు. రెండేళ్ళకు పైగా ఆ కాపురం అబద్ధాల మీదే నడుస్తుంది. ఈలోగా ఒరోర్ అని కూతురు, జూర్ అని కొడుకు పుడతారు. అతని భయమంతా తల్లి గురించి. ఆమె మనుషులను తినే జాతిది. రాజు ఆమెను చేసుకున్నది ఆమె ఆస్తి చూసి. ఆ వాక్యాన్ని పెరో ఏ ఆర్భాటమూ లేకుండా రాసి ముందుకు వెళ్ళిపోతాడు.

తండ్రి పోయి తాను రాజయ్యాకే అతను భార్యాపిల్లలను లోకానికి చూపిస్తాడు. కొంతకాలానికి యుద్ధానికి బయలుదేరుతూ రాజ్యాన్ని, భార్యను, పిల్లలను తల్లికే అప్పగించి వెళతాడు. ఆ తల్లి కోడలినీ మనవలనూ అడవిలోని ఇంటికి పంపించి, వంటల అధికారిని పిలిచి, రేపు ఒరోర్‌ను వండిపెట్టమంటుంది. ఏ సాస్‌తో వండాలో కూడా చెబుతుంది. అతను కత్తి పట్టుకుని గదిలోకి వెళతాడు. నాలుగేళ్ళ పిల్ల గెంతుకుంటూ నవ్వుకుంటూ వచ్చి, మెడకు చుట్టుకుని, మిఠాయి పెట్టమని అడుగుతుంది. అతని చేతిలోంచి కత్తి జారి పడిపోతుంది. ఆ పిల్లను దాచి గొర్రెపిల్లను కోస్తాడు. తర్వాత మూడేళ్ళ జూర్ వంతు. వాడు బుల్లి కత్తి పట్టుకుని కోతితో సాము చేస్తూ ఉంటాడు. చివరికి కోడలి వంతు వస్తుంది. తన పిల్లలు అప్పటికే చచ్చిపోయారనుకుంటున్న ఆమె మెడ చాపి, మీకు చెప్పిన పని మీరు కానివ్వండి, నేను వెళ్ళి నా పిల్లలను చూసుకుంటాను అంటుంది.

ఒకసారి ఈ పాఠం నడుస్తుండగా, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, "మేడమ్, అతను రెండేళ్ళు ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. ఇక ఆ గంట వ్యాకరణం సాగలేదు. తల్లి రాక్షసి కాబట్టి భయపడ్డాడని ఒక అబ్బాయి. భయమైతే యుద్ధానికి పోతూ ఆ తల్లికే ఎలా అప్పగించాడని ఇంకొక అమ్మాయి. ఇంట్లో చెప్పకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకుని ఏడాది పాటు ఎవరింట్లో వాళ్ళు ఉండిపోయిన బంధువుల సంగతి ఒకరు చెప్పారు. కట్నం కోసం చేసుకున్న కోడలు ఆ ఇంటి పెత్తనం చేతికొచ్చాక ఎలా మారిందో మరొకరు చెప్పారు. మూడు వందల ఏళ్ళ కిందటి ఫ్రెంచి కథను వాళ్ళు తమ వీధిలో జరిగినదానిలా చర్చించుకున్నారు. పెళ్ళి దగ్గర ఆగిపోయే కథ మీద ఇంత మాట్లాడుకోవడానికి ఏముంటుంది? గ్రిమ్ సోదరులు 1812లో ఇదే కథను జర్మన్‌లో వేసినప్పుడు పెళ్ళితోనే ముగించారు. సినిమాలూ బొమ్మల పుస్తకాలూ ఆ దారినే పట్టాయి.

అంకితం అందుకున్న అమ్మాయి

పెరో కథల పుస్తకం ఒక నిజమైన రాకుమార్తెకు అంకితం. ఆమె పేరు ఎలిజబెత్ షార్లొత్, అప్పటి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ తమ్ముడి కూతురు. ఆమెకు అంకితమిచ్చిన 1695 నాటి చేతిరాత ప్రతి ఇప్పుడు న్యూయార్క్‌లోని మోర్గాన్ గ్రంథాలయంలో ఉంది. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. రాకుమారి పెళ్ళంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆమెకు కథల అవసరం లేదు. ఇంట్లో తల్లి ఉంది.

ఆ తల్లి లీజెలోటె జర్మనీలోని హైడెల్‌బర్గ్ నుంచి 1671లో, పంతొమ్మిదో ఏట, మతం మార్పించుకుని ఫ్రాన్సుకు కోడలిగా వచ్చింది. ఆ సంబంధం కుదిర్చిన తండ్రి ఆశ ఒక్కటే, లూయీతో వియ్యమందితే తన రాజ్యం నిలబడుతుందని. జరిగింది వేరు. ఆ కోడలి వారసత్వ హక్కునే సాకుగా చూపి లూయీ సేనలు 1688, 89లలో ఆమె పుట్టిన నేల మీద పడ్డాయి. హైడెల్‌బర్గ్ తగలబడింది. కళ్ళు మూసుకుంటే తన ఊళ్ళ శిథిలాలే కనిపించి నిద్ర పట్టడం లేదని ఆమె ఉత్తరాల్లో రాసుకుంది. ఆ నేలను కాల్చిన రాజు కొలువులోనే, ఆ రాజు తమ్ముడి భార్యగా, తర్వాత వితంతువుగా ఏళ్ళ తరబడి గడిపింది.

ఇక కూతురి సంగతి. 1697లో ఆ యుద్ధం ముగిసి రైస్విక్ సంధి కుదిరింది. ఆ సంధితో ఫ్రాన్సు పొరుగున ఉన్న లొరేన్ రాజ్యం దాని డ్యూక్ లెయోపోల్‌కు తిరిగి దక్కింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఎలిజబెత్ షార్లొత్‌ను అతనికిచ్చి పెళ్ళి చేశారు. ఇక్కడ నా వాదనకు అడ్డం తగిలే సంగతి ఒకటుంది, దాచడం న్యాయం కాదు. ఆమె మొదట్లో సుఖంగానే ఉంది, భర్తను ప్రేమించింది. రాజకీయం కోసం ముడిపెట్టిన ప్రతి పెళ్ళీ నరకమేనని చెప్పడం తేలిక, నిజం అంత తేలికగా ఉండదు. అయితే నిజం అక్కడ ఆగిపోనూ లేదు. భర్త మనసు మరొకరి మీదికి మళ్ళింది. 1711లో మశూచి రోజుల తేడాలో ముగ్గురు పిల్లలను తీసుకుపోయింది. భర్త పోయాక కొన్నేళ్ళు కొడుకు తరఫున ఆమే లొరేన్‌ను పాలించింది. ఆ కొడుకు ఆస్ట్రియా వారసురాలు మరియా తెరీసాను చేసుకోవాలంటే లొరేన్‌ను వదులుకోవాలని పెద్ద రాజ్యాలు షరతు పెట్టాయి. తల్లి వద్దని మొరపెట్టుకుంది. కొడుకు సంతకం పెట్టాడు. పెళ్ళి పేరుతో ఆమె ఏ నేలకు వచ్చిందో ఆ నేల కొడుకు పెళ్ళి పేరుతో పోయింది. కొమెర్సీ అనే చిన్న పట్టణాన్ని బతికినన్నాళ్ళూ ఏలుకొమ్మని ఇచ్చారు. 1744లో అక్కడే పోయింది.

ఆ కొడుకు కూతురే మారీ ఆంత్వానెత్. 1770 మే నెలలో, పద్నాలుగేళ్ళ వయసులో, స్ట్రాస్‌బర్గ్ దగ్గర రైన్ నది మధ్య లంకలో కట్టిన చెక్క మంటపంలో ఆమెను ఆస్ట్రియా వాళ్ళు ఫ్రాన్సు వాళ్ళకు అప్పగించారు. అప్పట్లో అదే ఊళ్ళో చదువుకుంటున్న జర్మన్ రచయిత గేటె ఆ మంటపాన్ని ముందే చూసి వచ్చాడు. ప్రధాన శాలలో వేలాడదీసిన తెరల మీద గ్రీకు పురాణంలోని జేసన్, మెడియాల కథ నేసి ఉంది. మొగుడు వేరే పెళ్ళికి సిద్ధపడితే కొత్త పెళ్ళికూతురినీ తన కన్నబిడ్డలనూ చంపిన మెడియా! కొత్త కోడలు అడుగుపెట్టే చోట పెట్టాల్సిన బొమ్మలా ఇవి అని గేటె మండిపడ్డాడు. పక్కనున్న స్నేహితులు అతని నోరు మూయించాల్సి వచ్చింది.

ఇలాంటి లంక ఇంకొకటి ఉంది. ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ మధ్య బిడసోవా నదిలో, ఫెజెంట్లనే ఒక రకం అడవికోళ్ళ పేరు మోసే చిన్న లంకలో, 1722 జనవరిలో ఇద్దరు ఆడపిల్లలను మార్చుకున్నారు. స్పెయిన్ నుంచి వచ్చిన మరియానా విక్టోరియాకు అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. పన్నెండేళ్ళు నిండవస్తున్న ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీకి కాబోయే భార్యగా ఆమెను తెచ్చారు. ఇటు నుంచి వెళ్ళినది మన ఎలిజబెత్ షార్లొత్ మేనకోడలు, పన్నెండేళ్ళది. ఆమె స్పెయిన్‌లో కొన్ని నెలలు రాణిగా ఉండి, భర్త పోతే తిరిగి వచ్చేసింది. మరియానా ఫ్రాన్సులో మూడేళ్ళు పెరిగాక, ఇది పెద్దదై వారసుడిని కనేదాకా ఆగలేమని 1725లో వెనక్కి పంపేశారు. ఆమె ఆడుకున్న, పారిస్‌లోని లూవ్ర్ రాజభవనం తోటను ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

కలం పట్టిన ఆడవాళ్ళు

పెరో పేరు అందరికీ తెలుసు. అతనికంటే ముందే ఈ రకం కథను అచ్చులోకి తెచ్చినది మదామ్ దోన్వా అనే రచయిత్రి. 1690లో వచ్చిన తన నవల మధ్యలో ఒక దేవకన్యల కథను పొదిగింది. 1697, 98లలో కథల సంపుటాలే వేసింది. ఆమెకు పదిహేనేళ్ళ ప్రాయంలో, తనకంటే సుమారు ముప్పై ఏళ్ళు పెద్దవాడితో పెళ్ళి చేశారు. ఆ కాలపు చట్టం కూడా పెద్దవాళ్ళ పక్షమే. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెళ్ళి చేసుకుంటే ముప్పై లోపు కొడుకులకు, ఇరవై అయిదు లోపు కూతుళ్ళకు ఆస్తి లేకుండా చేయవచ్చని 1556లోనే రాజశాసనం వచ్చింది. రపుంజెల్ కథకు మూలమైన పెర్సినెత్‌ను 1698లో అచ్చు వేయించిన షార్లొత్ రోజ్ ద లా ఫోర్స్ ఆ చట్టం దెబ్బ స్వయంగా తిన్నది. ఆమె ఇష్టపడి చేసుకున్న పెళ్ళిని అబ్బాయి తండ్రి కోర్టుకు వెళ్ళి రద్దు చేయించాడు. తర్వాత రాజాజ్ఞ మీద ఆమె మఠంలో ఉండాల్సి వచ్చింది. గోపురంలో బంధించిన పిల్ల కథ ఆమె చేతి నుంచి రావడంలో నాకు ఆశ్చర్యం ఏమీ కనిపించదు.

దోన్వా కథల్లో నాకు ప్రాణమైనది తెల్ల పిల్లి. ముగ్గురు కొడుకుల్లో చిన్నవాడు అడవిలో ఒక కోట చేరతాడు. మనుషులు ఉండరు, గాలిలో తేలే చేతులే దీపాలు పట్టుకుంటాయి, వడ్డిస్తాయి. కోట యజమాని తెల్లటి పిల్లి. తండ్రి పెట్టిన పరీక్షల్లో ఆమే అతన్ని గెలిపిస్తుంది. సూది బెజ్జంలో దూరేంత సన్నని బట్ట తెమ్మంటే, గింజలో గింజ, ఆ గింజలో మరో గింజగా దాచి ఇస్తుంది. చివరికి తన తల నరకమంటుంది. అతను ఏడుస్తూ నరికితే రాకుమారి బయటికొస్తుంది. తన కథ ఆమే చెబుతుంది: దేవకన్యలు గోపురంలో పెంచి, ఒక వికృతమైన మరుగుజ్జు రాజుకు ఇవ్వబోతే కాదన్నందుకు పిల్లిగా మారిపోయింది. అంటే ఆమె శిక్షంతా ఒక సంబంధాన్ని కాదన్నందుకు!

ముగింపు ఇంకా బాగుంటుంది. ముగ్గురు కొడుకుల్లో రాజ్యం ఎవరికివ్వాలా అని ముసలి రాజు తర్జనభర్జన పడుతుంటే ఆమె ముందుకొచ్చి, నాకు ఆరు రాజ్యాలున్నాయి, మీ సింహాసనం మీ దగ్గరే ఉంచుకోండి, మీకొకటి, మీ పెద్ద కొడుకులిద్దరికీ చెరొకటి ఇస్తాను, మాకు మూడు మిగులుతాయి అంటుంది. ఫ్రాన్సులో ఆడపిల్లకు సింహాసనం దక్కే దారే లేదు. రాజు కూతురైనా సరే, ఆమె విలువ ఎవరికిచ్చి పెళ్ళి చేస్తే ఏం కలిసొస్తుందన్న లెక్కలోనే. అలాంటి దేశంలో కూర్చుని, ఒక స్త్రీ మామగారికి రాజ్యం దానం చేసే కోడలిని సృష్టించింది. ఈ పుస్తకాన్ని మన పిల్లల కంటపడకుండా చేసి ఏం కాపాడుతున్నాం?

రెండు కోటలు, ఒకే దారి

ఫ్రాన్సులోని లువార్ లోయలో ఉస్సే కోట ఉంది. నిద్రపోయిన సుందరి కోట అదేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. గోపురంలోని గదుల్లో కథను మైనపు బొమ్మలతో చూపిస్తారు. పిల్లలతో వచ్చినవాళ్ళ రద్దీలో నేనూ ఆ మెట్లు ఎక్కాను. మంచం మీద సుందరిని చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. నాకూ సంతోషమే అనిపించింది. అక్కడి నుంచి కారులో గంట లోపే ఫోంతెవ్రో మఠం. అక్కడ రద్దీ తక్కువ.

1738లో పదిహేనో లూయీ తన కూతుళ్ళలో చిన్నవాళ్ళు నలుగురిని ఈ మఠానికి పంపాడు. ఇంతమంది ఆడపిల్లలను వెర్సాయ్ రాజభవనంలో పెంచడం ఖర్చుతో కూడుకున్న పని అని మంత్రి కార్డినల్ ఫ్లరీ లెక్క. పెద్దది విక్తువార్‌కు అయిదేళ్ళు. చివరిది లూయీజ్‌కు ఏడాది కూడా నిండలేదు. పదేళ్ళ పాటు వాళ్ళు తల్లి ముఖం చూడలేదు. తెరేజ్ అనే పిల్ల ఎనిమిదేళ్ళ వయసులో అక్కడే చనిపోయింది. మిగిలిన ముగ్గురూ ఎలా ఉన్నారో రాణికి చూపించడానికి చిత్రకారుడు నాతియేను మఠానికి పంపి బొమ్మలు గీయించారు. పట్టు గౌనుల్లో పెద్దమనుషుల్లా కనిపించే ఆ పిల్లల చిత్రాలు వెర్సాయ్‌లో ఉన్నాయి. తన కూతుళ్ళు ఎంత ఎదిగారో ఆ తల్లి తెలుసుకున్నది ఆ రంగుల్లోంచే.

ఉస్సే చూసిన పిల్లలను ఫోంతెవ్రోకు కూడా తీసుకువెళ్ళాలని నేనంటాను. కథలో రాకుమారిని గోపురంలో పెట్టడం వట్టి కల్పన కాదని అప్పుడు తెలుస్తుంది.

నాకు ఎదురయ్యే ప్రశ్నలు

ఈ మాటలు ఒక స్నేహితురాలితో అంటే ఆమె సూటిగా అడిగింది: "పట్టు పరుపుల మీద పడుకున్నవాళ్ళ కష్టాలకు మనం ఏడవాలా? అదే కాలంలో ఆ దేశపు రైతులు ఏం తిన్నారు?" బలమైన ప్రశ్న. 1693, 94లలో ఫ్రాన్సులో వచ్చిన కరువుకు లక్షల మంది చనిపోయారు. దీనికి నా దగ్గరున్న జవాబు పెరో పుస్తకమే. అంకితంలో రాకుమార్తె పేరున్న ఆ పుస్తకంలోనే, కరువులో తిండి పెట్టలేక ఏడుగురు కొడుకులను అడవిలో వదిలేసి వచ్చే కట్టెలు కొట్టేవాడి కథ కూడా ఉంది. కరువు గడిచి మూడేళ్ళు కూడా కాలేదప్పటికి. రాజమందిరంలోని కత్తి, గుడిసెలోని ఆకలి రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ఒకదాని కోసం రెండోదాన్ని పక్కన పెట్టాల్సిన పని లేదు.

పెరో ఆడవాళ్ళ పక్షమా అని అడిగితే, కాదనే చెప్పాలి. కథల చివర అతను తగిలించిన నీతి పద్యాల్లో ఆడవాళ్ళ కుతూహలం మీద, ఓపిక మీద ఎత్తిపొడుపులున్నాయి. ఒక కథలో నీలిగడ్డపు భర్త వరసగా భార్యలను చంపుకుంటూ పోతే, కథ చివర నీతి మాత్రం ఆడదాని ఆరాటం మీద! ఆ పద్యాలను పిల్లలకు చదివి వినిపించి, ఇది న్యాయమేనా అని అడగవచ్చు. నా క్లాసులో అడిగితే ఒక్కరూ న్యాయమనలేదు.

ఏ వయసు పిల్లలకు అన్నదే నన్ను నిజంగా ఆలోచింపజేసే ప్రశ్న. నాలుగేళ్ళ పిల్లకు, నాలుగేళ్ళ ఒరోర్‌ను వండమన్న నాయనమ్మ కథ చెప్పమని నేననను. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు ఇంతకంటే భయంకరమైనవి ఫోనులో చూస్తున్నారు, అదీ ఒంటరిగా. వంటల అధికారి చేతిలోంచి కత్తి జారే చోట పక్కన అమ్మో నాన్నో ఉంటే చాలు. పిల్లలకు ఆ కథలో అత్తంటే భయం ఎంత గుర్తుంటుందో, హుకుం వచ్చినా తప్పు చేయనన్న ఆ వంటవాడూ అంతే గుర్తుంటాడు.

బ్యూటీ అండ్ ద బీస్ట్ సంగతికొస్తే, మదామ్ ద విల్‌నవ్ 1740లో రాసినది పెద్ద నవలంత ఉంటుంది. అందులో మృగం ప్రతి రాత్రీ ఆ అమ్మాయిని అడిగేది తనతో పడుకుంటావా అని. 1756లో మదామ్ లప్రాన్స్ ద బోమోఁ దాన్ని పిల్లల కోసం కుదించి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని మార్చింది. ఈ కుదింపును నేను తప్పు పట్టను. వయసుకు తగ్గట్టు మాట మార్చింది, అడగడాన్ని మాత్రం తీసేయలేదు. మృగం రోజూ అడుగుతుంది, ఆమె రోజూ కాదంటుంది, మృగం నొచ్చుకుని వెళ్ళిపోతుంది. ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికి కూడా ఇంతకంటే పనికొచ్చే పాఠం ఏముంటుంది?

మగపిల్లల విషయం ఈ చర్చల్లో ఎప్పుడూ రాదు. రాకుమారి కథలు ఆడపిల్లలను ఏం చేస్తాయన్నదే అందరి బెంగ. దోన్వా రాసిన నీలి పక్షి కథలో షార్మాన్ అనే రాజు, తనకు అంటగట్టిన సంబంధాన్ని ఒప్పుకోనందుకు ఏడేళ్ళు పక్షిగా బతుకుతాడు. అతన్ని వెతుక్కుంటూ కొండలెక్కి పోయేది ఫ్లోరీన్ అనే అమ్మాయి. పెరో రాకుమారుడు రెండేళ్ళు నోరు మూసుకుని, ఆనక ఇంటి బాధ్యతంతా తల్లి మీద పడేసి యుద్ధానికి పోతాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే అబ్బాయిలకు మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది. అందుకే లైబ్రరీకి తెల్ల పిల్లి, నీలి పక్షి కథలను నేనే తెలుగులో రాసి ఇస్తానని చెప్పాను. పెరో కథ రెండో సగం కూడా రాస్తున్నాను. వచ్చే ఏడాది క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు, ఆ రాకుమారుడు పెళ్ళైన మర్నాడు ఇంటికి వెళ్ళి ఏం చెప్పి ఉండాల్సిందో అబ్బాయిల చేత ఫ్రెంచిలో ఒక పేజీ రాయిస్తాను.